నెత్తురు కనబడని దెబ్బ

కర్నూలు జిల్లా హొళగుంద ప్రాంతమున దేవరగట్టు కలదు. ఏటేట విజయదశమి రాత్రి అచ్చట మాళ మల్లేశ్వరస్వామి కల్యాణము ముగిసిన పిదప, ఉత్సవమూర్తులకై పల్లెలవారు రెండు పక్షములై కర్రలతో తలపడుదురు. దీనినే బన్ని అందురు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేటలవారు ఒక వంక నిలుచుదురు. తల పగిలినవారు గాయమునకు పసుపు అద్దుకొందురు. వారి భక్తిని మనము శంకింపము. కాని నెత్తురు చిందిన గాయమునకు పసుపు కలదు. చిందని దెబ్బను గుర్తించుట యెట్లు?

ఆ దెబ్బయే మెదడు అదురుట. తలకో, మెడకో, ఒడలికో తగిలిన వేటుచే పుర్రెలోని మెదడు ఒక్కమారుగా కదలి, కొంతకాలము దాని పని తప్పును. పుర్రె పగులనక్కరలేదు, స్పృహ తప్పనక్కరలేదు. సుమారు 1,100 ఏండ్ల క్రిందటనే పారశీక వైద్యుడు అల్ రాజీ, మెదడునకు తగిలిన గాయము వేరు, ఈ అదురు వేరు అని గుర్తించెను. పదేపదే తలపై గుద్దులు తిన్న ముష్టియుద్ధ క్రీడాకారులకు కాలక్రమమున నడక తూలి, మాట తడబడుటను 1928లో అమెరికా వైద్యుడు మార్ట్‌లండ్ వర్ణించెను.

ఇంత తెలిసియు క్రీడాలోకము ఆలస్యముగా మేల్కొన్నది. ఈ విషయమై తొలి అంతర్జాతీయ సదస్సు 2001లో వియన్నాలో జరిగెను. మెదడు అదిరిన ఆటగానికి మారుగా మరియొకనిని ఆడించు నియమము టెస్టు క్రికెట్టులో 2019 ఆగస్టున అమలులోనికి వచ్చెను. ఆ నెలలోనే లార్డ్స్ మైదానమున స్టీవ్ స్మిత్ మెడకు బంతి తగిలెను. పరీక్షలలో దోషము కనబడనందున అతడు మరల బ్యాటు పట్టెను. మరునాటి ఉదయమునకు తలనొప్పి, మత్తు తోచెను. అంతట అతనిని తప్పించి లబుషేన్‌ను దింపిరి. వైద్యులు ప్రక్కనే యున్న చోటనే ఇట్లయినచో, ఆదోని, ప్రొద్దుటూరు బడి మైదానముల మాట యేమి?

కబడ్డీలో పడిన బాలుని ముఖమున నీళ్లు చల్లి, "ఏమీ కాలేదు, లేచి ఆడరా" అనుట మన వాడుక. పౌరుషమునకు పేరొందిన సీమలో బాలుడును నొప్పిని దాచును. కావున పెద్దలే గమనింపవలెను. తలనొప్పి, కన్ను తిరుగుట, వాంతి, వెలుతురు సహింపలేమి, అడిగినదే అడుగుట, ఆట లెక్క మరచుట: వీనిలో ఒక్కటి కనబడినను ఆనాటికి వానిని ఆట మాన్పింపవలెను. ఒంటరిగా విడువరాదు. నొప్పి హెచ్చినను, వాంతులు ఆగకున్నను, మూర్ఛ వచ్చినను, లేపిన లేవకున్నను తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. మిగిలినవారికి ఒకటి రెండు దినముల విశ్రాంతి, పిదప మెల్లమెల్లగా చదువు, వైద్యుని అనుమతితో ఆట. మొదటి అదురు మానక మునుపే రెండవది తగిలినచో ప్రాణాపాయము కలుగవచ్చును. ఒక పందెము ఓడినను మరునాడు గెలువవచ్చును. అందుకు బాలుడు క్షేమముగా ఉండవలెను.