ఓటరుకి ఎవరు చెప్పాలి? జోడెద్దుల గుర్తు నుంచి చాట్‌బాట్ దాకా

మన నియోజకవర్గంలో నిలబడిన అభ్యర్థుల గురించి చాట్‌బాట్‌ని అడగొచ్చా? అడగొచ్చు. కానీ అది ఏ కాగితం చూసి చెప్తోంది? ఈ ఎపిసోడ్‌లో ఆ కాగితం చరిత్ర చూద్దాం.

1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు. ఓటర్లు సుమారు 17 కోట్ల మంది. అప్పటి జనాభా లెక్కల్లో అక్షరాస్యత 18 శాతమే. అందుకే గుర్తులు పెట్టారు. కాంగ్రెస్‌కి జోడెద్దులు, కమ్యూనిస్టులకి కంకి కొడవలి. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. మరి మనిషి ఎలాంటివాడు? అది ఊళ్ళో వాళ్ళు చెప్తేనే తెలియాలి.

ఈ ఖాళీ దాదాపు 50 ఏళ్ళు అలాగే ఉంది. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు మొదలుపెట్టిన ఏడీఆర్ సంస్థ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. 2002 మే 2న సుప్రీంకోర్టు తేల్చేసింది: అభ్యర్థి కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కు. పార్టీలు ఊరుకున్నాయా? లేదు. ఆ తీర్పుని పక్కన పెట్టేలా చట్టమే మార్చారు. 2003 మార్చి 13న కోర్టు ఆ సవరణని కొట్టేసింది. ఈరోజు మనం చూసే అఫిడవిట్ అలా వచ్చిందండి.

ఇప్పుడు చాట్‌బాట్ సంగతి. 2023లో స్విట్జర్లాండ్, జర్మనీలోని బవేరియా, హెస్సే ఎన్నికలప్పుడు ఆల్గరిథమ్‌వాచ్, ఏఐ ఫోరెన్సిక్స్ సంస్థలు బింగ్ చాట్‌ని పరీక్షించాయి. దాదాపు మూడో వంతు జవాబుల్లో తప్పులున్నాయి. 2024 మన లోక్‌సభ ఎన్నికల ముందు గూగుల్ కూడా జెమినైని ఎన్నికల ప్రశ్నలకి దూరం పెట్టింది. ఎందుకంటే, ఇది ముందు మాటని బట్టి తర్వాతి మాట అల్లే యంత్రం. తెలియకపోయినా ధీమాగానే చెప్తుంది.

మరి పనికిరాదా? వస్తుంది, కానీ ఇలా వాడాలి. "ఈయన మంచోడేనా?" అని అడగకండి. ఎన్నికల సంఘం సైట్‌లో అఫిడవిట్ దించుకుని, దాన్నే ఇచ్చి అడగండి: "ఏ సెక్షన్ల కింద కేసులున్నాయి? ఆ సెక్షన్ అంటే ఏంటి? ఏ పేజీలో ఉంది?" కేసు పెండింగ్‌లో ఉండటం వేరు, శిక్ష పడటం వేరు, విడివిడిగా అడగండి. స్కాన్ కాపీలో అంకెలు తప్పు చదవొచ్చు, కాబట్టి ఆ పేజీ తెరిచి మీ కళ్ళతో సరిచూసుకోండి.

అర్థం చెప్పించుకోవడానికి యంత్రం సాయం తీసుకోండి. తీర్పు మాత్రం మీదే. ఎందుకంటే ఆ కాగితం మనకి ఊరికే రాలేదు, కోర్టులో కొట్లాడితే వచ్చింది. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.