కాలువగట్టు నుండి కొండమొదలు దాకా

నరసాపురంలో సైకిలెక్కి, తారు రోడ్డును వీలైనంతవరకు తప్పించి, కాలువగట్ల మీదుగాను, గోదావరి ఏటిగట్టు మీదుగాను ఎగువకు సాగితే పోలవరం దగ్గర కొండల పాదాలను చేరుకోవచ్చు. పాశ్చాత్య దేశాలలో ఇటువంటి ప్రయాణానికి గ్రావెల్ బైకింగ్ అన్న పేరు స్థిరపడింది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు ఎంపోరియా పట్టణం నుండి కంకర దారుల మీద సాగే ప్రసిద్ధమైన పోటీ 2006లో మొదలయింది. 2022లో ఇటలీలో ఈ ఆటకు మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. మన వైపు కొబ్బరి గెలలూ చేపల తట్టలూ కట్టుకుని గట్ల మీద సైకిలు తొక్కినవారు దానికొక పేరు పెట్టుకోలేదు, అంతే తేడా. అయితే ఈ వ్యాసం ఆటను గురించి కాదు. చక్రం కింద నలిగే ఆ కంకరను ఎవరు పోశారు, ఎవరి కోసం పోశారు అన్నది నా ప్రశ్న.

డెల్టాలో రాయి దొరకదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టే. వానాకాలంలో బండి ఇరుసు దాకా దిగబడే ఆ నేలలో దారి అన్నది ఏడాదిలో కొన్ని నెలల మాట. అందుకే పాత నరసాపురం రోడ్డును కాక నదిని నమ్ముకుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు, అంటే మన వలందులు, ఇక్కడ వర్తకం చేశారు. వలంధర రేవు పేరులో వారు ఇప్పటికీ ఉన్నారు. పక్కనే మాధవాయిపాలెంలో ఆంగ్లేయుల వర్తకస్థానం ఉండేది. ఆ ఊరి పేరు నలిగి నలిగి 'మడపోలం' అయి, ఒక నూలుబట్టకు పేరుగా దేశాంతరాలు తిరిగింది. ఓడలు కట్టే పనికి కూడ నరసాపురానికి ఆ రోజుల్లో మంచి పేరే ఉండేది. కొండకూ కడలికీ మధ్య గోదావరే రాజమార్గం.

1832-33 నాటి నందన కరువు, 1839 నాటి ఉప్పెన ఈ ప్రాంతాన్ని కుంగదీసిన తరువాత ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన చేశాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం కొండ రాయి నదిలోకి దిగింది. కాటనును మనం సాగునీటి దాతగానే స్మరిస్తాము. కాని ఆయన దృష్టిలో కాలువ అంటే రహదారి కూడ. రైళ్ళ కంటె కాలువలే ఈ దేశానికి చౌకైన రవాణా అని ఆయన జీవితమంతా వాదించాడు. లాకులు కట్టి పడవలు నడిచేలా కాలువలను తీర్చినది అందుకే. గాలి లేనప్పుడు పడవవాళ్ళు భుజానికి తాడు తగిలించుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారు. కాలువ వాలు అతి స్వల్పం కనుక గట్టు కూడ దాదాపు సమతలంగా సాగుతుంది. సైకిలు తొక్కేవాడి మోకాళ్ళకు ఈనాడు దొరుకుతున్న ఆ సుఖం ఒకనాడు పడవ లాగినవారి అడుగుల కోసం ఏర్పడినది.

ఈ గట్లన్నీ కేవలం కూలి ఆశతో వెలిశాయనుకోవడం కూడ పొరపాటే. వరద సమయంలో గట్టు తెగే ప్రమాదం ఏర్పడితే ఊరివాళ్ళను పనికి రప్పించే అధికారాన్ని 1858లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం ద్వారా చేతిలోకి తీసుకుంది. నిర్బంధ శ్రమ చట్టమని దాని పేరే చెబుతున్నది. అయినా డెల్టా రైతుకు ఆ గట్టు వెనుక తన చేను ఉంది. కొండల్లో పరిస్థితి వేరు.

ఆచంట, పెనుగొండ ప్రాంతాలను దాటి సిద్ధాంతం, కాకరపర్రు, విజ్జేశ్వరం మీదుగా కొవ్వూరు చేరేసరికి నేల రంగు మారుతుంది. ఎర్రమట్టి మెట్ట మొదలవుతుంది. డెల్టా గట్ల మీద పరిచే ఎర్ర గ్రావెల్ ఇటువంటి మెట్టలనుండి దిగినదే. తాళ్ళపూడి, గూటాల, పట్టిసీమ దాటితే పోలవరం. నదికి ఎడమ గట్టున పురుషోత్తపట్నం, దేవీపట్నం మీదుగా కొండమొదలు అనే ఊరికి పాత దారి ఉండేది. పేరే కొండమొదలు! పోలవరం కాఫర్ డ్యాం లేచాక ఆ తీరపు ఊళ్ళు చాలావరకు ఖాళీ అయ్యాయి. కనుక నేడు కొండల అంచు పట్టుకుని వెళ్ళదలచినవారు కొవ్వూరు దగ్గర 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద రాజమండ్రికి దాటి, కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట వరుసలో పోవాలి.

ఈ వరుసలోని ఊళ్ళ పేర్లు తెలుగువారికి పాఠ్యపుస్తకాల నుండీ పరిచితాలే. 1879లో రంప పితూరీ చోడవరం వైపునే రేగింది. గిరిజనులు తరతరాలుగా గీసుకునే కల్లును ఆబ్కారీ నిబంధనల కిందికి తేవడం, మన్సబుదారు పన్నులు, పోలీసుల దౌర్జన్యం కలసి ముఠాదారులను తిరుగుబాటుకు పురిగొల్పాయి. అణచడానికి వచ్చిన సైన్యాన్ని దారిలేని అడవీ, మన్యం జ్వరమూ ముప్పుతిప్పలు పెట్టాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు వ్యవసాయానికి సంకెల వేసింది. అటు తరువాత కొండలకు రోడ్డు అన్నది పాలకుల అవసరం. కలప దిగడానికీ, పోలీసులు ఎక్కడానికీ.

ఆ రోడ్డు భారం కొండవాళ్ళ వీపుల మీదే పడింది. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా ఎక్కే ఘాటు రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వారిచేత బలవంతంగా రాళ్ళు మోయించాడు. చెప్పిన కూలిలో కొద్ది భాగమే చేతికి వచ్చేది. ఎదురు తిరిగితే కొరడా. 1922 పితూరీకి కారణాలు అనేకం ఉండవచ్చు గాని, నా మటుకు నాకు ఈ రోడ్డు కూలి వాటిలో చిన్నదిగా కనిపించదు. అడవి హక్కుల సంగతి చట్టాలలో ఉంటుంది, రాయి బరువు ఒంటికి తెలుస్తుంది.

ఇక్కడ కథ మళ్ళీ నరసాపురానికి తిరుగుతుంది. ఆ పితూరీ నాయకుడు అల్లూరి సీతారామరాజు తండ్రి పోయిన తరువాత పినతండ్రి రామకృష్ణంరాజు పోషణలో పెరిగాడు. ఆయన నరసాపురంలో తహసీల్దారుగా ఉన్న రోజుల్లో రామరాజు ఇక్కడి టేలర్ హైస్కూల్లో చదివాడు. పినతండ్రి గుర్రం మీద స్వారీ నేర్చుకున్నది ఇక్కడేనని చెబుతారు. ఒక తహసీల్దారు ఇంట పెరిగినవాడు మరొక డిప్యూటీ తహసీల్దారు వేయించిన రోడ్డు మీద యుద్ధానికి నిలిచాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరుసగా అతని దళం వశమయ్యాయి. మూడు రోజుల్లో మూడు ఊళ్ళు! రోడ్డు కోసం రాళ్ళు మోసినవారికి రోడ్డు కాని దారులు కూడ తెలుసు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ముందు నడిచే దళాన్ని పోనిచ్చి, వెనుక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులను కాల్చివేశారు.

రామరాజును 1924 మే 7న కొయ్యూరు దగ్గర చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఘాటు రోడ్డుకు తారు పడింది, లంబసింగికి శీతాకాలంలో మంచు చూడడానికి కార్లు బారులు తీరుతున్నాయి. ఆ పోరాటంలో పట్టుబడి అండమాన్ శిక్ష అనుభవించిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుండి తొలి లోక్‌సభకు ఎన్నికై ఢిల్లీ వెళ్ళాడు.