నిమ్మజాతి చెట్ల పచ్చతెగులు: పెప్టైడు చికిత్స పూర్వాపరములు

బత్తాయి యను పేరు బటేవియా నగరనామము నుండి వచ్చినదని చెప్పుదురు. రాయలసీమలో దానినే చీనీ యందురు. నాగపుర ప్రాంతమున స్థిరపడిన మనవారికి కమలాతోటలు నిత్యపరిచితములు. ఈ నిమ్మజాతి చెట్లన్నిటికిని పచ్చతెగులు సమాన శత్రువు. ఆ శత్రువును జయించు ఉపాయము మరియొక నిమ్మజాతి చెట్టునందే కలదని ఇటీవలి పరిశోధన తెలుపుచున్నది. ఆ పరిశోధనకు దారితీసిన చరిత్రమును సంగ్రహముగా నివేదించుట ఈ వ్యాసోద్దేశము.

మొక్కల తెగుళ్లకు బాక్టీరియా కారణము కాగలదని తొలుత తేలినది బేరి, ఆపిల్ తోటలందు. కొమ్మలను నిప్పు సోకినట్లు నల్లబరచు తెగులొకటి అమెరికాలోని హడ్సన్ నదీలోయలో 1780 ప్రాంతమున కనబడెను. దానికి బాక్టీరియాయే కారణమని ఇల్లినాయిస్ ఆచార్యుడు థామస్ బరిల్ 1880 నాటికి నిరూపించెను. 1950 తరువాత స్ట్రెప్టోమైసిన్ చల్లుట వాడుకలోనికి వచ్చెను. కాని 1971లో ఆ మందునకు లొంగని బాక్టీరియా కాలిఫోర్నియాలో బయటపడెను.

పచ్చతెగులు కథ ఇంతకన్న చిక్కైనది. దక్షిణ చైనాలో 1919లోనే దీని వర్ణన కలదు. ఇది అంటుల ద్వారా వ్యాపించునని లిన్ పండితుడు 1956లో ప్రకటించెను. మన దేశమున నిమ్మజాతి తోటల క్షీణతకు చిరకాలము నేలను, నీటిని, ఎరువులను నిందించుచుండిరి. పచ్చతెగులే ప్రధాన కారణము కావచ్చునని 1966లో లిలియన్ ఫ్రేజర్, కపూర్ మున్నగువారు తెలిపిరి. సిల్లా యను చిరుపురుగు దీనిని చెట్టునుండి చెట్టునకు మోయుచున్నదని మరుసటి యేడు కపూర్ బృందము నిరూపించెను. అప్పటికి దీనిని వైరస్ అనియే తలచుచుండిరి. 1970లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో దాని నిజరూపమును చూచిరి. ఈ బాక్టీరియా చెట్టు ఆహారనాళములందే నివసించును. ప్రయోగశాలలో విడిగా పెంచుటకు లొంగదు. టెట్రాసైక్లిన్‌ను మ్రానులోనికి ఎక్కించిన కొంతకాలము మేలు కనబడెడిది. మందు మానిన తెగులు మరల తలయెత్తెడిది.

ఇక పెప్టైడుల మాట. ఇవి మాంసకృత్తుల వంటివే, కాని చిన్నవి. అమినో ఆమ్లములు గొలుసుగా కూడి యేర్పడును. వీనిలో కొన్ని బాక్టీరియా పొరను ఛేదించి దానిని చంపును. గోధుమపిండి నుండి తీసిన అట్టి పదార్థమునకు సూక్ష్మజీవులను చంపు శక్తి కలదని 1942లో తెలిసెను. అది మొక్కల తెగుళ్ల బాక్టీరియాపై కూడ పనిచేయునని 1972లో తేలెను. స్వీడను దేశపు హాన్స్ బోమన్ బృందము పట్టుపురుగు జాతి చిలుక ప్యూపా నుండి తీసిన సెక్రోపినుల నిర్మాణమును 1981లో ప్రకటించెను. ప్రాణికోటికి స్వీయరక్షణాయుధములు గలవను భావము నాటినుండి బలపడెను.

ఆస్ట్రేలియా అడవులలో పుట్టిన వ్రేలినిమ్మ పచ్చతెగులును తట్టుకొనునని గమనించి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖలో హైలింగ్ జిన్ బృందము దానిలోని పెప్టైడును వేరుచేసి 2021లో ప్రకటించెను. అది ఎండవేడికి చెడదు. రోగపు చెట్టులో బాక్టీరియాను తగ్గించుటయే గాక, ఆరోగ్యవంతమైన మొక్కకు ముందుగనే రక్షణశక్తి నొసగును.

అయినను ఆ ఫలితములు అద్దపుగదులలోని మొక్కలవి. ఎండవానలలో నిలుచు తోట వేరు. స్ట్రెప్టోమైసిన్ నేర్పిన పాఠమును మరువరాదు. ఏ యొక్క మందునే నమ్మినను అది యొకనాడు విఫలము కావచ్చును. నాటిన చెట్టు కాపునకు వచ్చుటకు రైతు ఏండ్ల తరబడి వేచియుండవలెను. తెగులు సోకిన అంటును తెచ్చి నాటినచో ఆ శ్రమ యంతయు వ్యర్థము. కావున నేటికిని ప్రథమ చికిత్స రోగములేని అంటు, రెండవది సిల్లా నివారణ. పెప్టైడు వీనికి తోడుగా రావలసినదే కాని, వీని స్థానమును ఆక్రమింపదగినది కాదు.