అల్ట్రామ్యాన్: ఫిల్ము డబ్బాల నుంచి బ్లూరే దాకా

అల్ట్రామ్యాన్ సిరీస్ 1966 జూలై 17న జపాన్‌లోని టి.బి.ఎస్. చానల్లో మొదలై, 1967 ఏప్రిల్ 9న 39వ ఎపిసోడ్‌తో ముగిసింది. దీన్ని తీసింది త్సుబురాయా ప్రొడక్షన్స్. 1954 నాటి గాడ్జిల్లా సినిమాకు ట్రిక్ దృశ్యాలు సమకూర్చిన ఎయిజి త్సుబురాయా 1963లో ఈ సంస్థను నెలకొల్పాడు. కథ పిల్లలకు ఇట్టే పట్టుబడేది. ఎం78 నెబ్యులా నుంచి వచ్చిన ఎరుపు, వెండి రంగుల మహాకాయుడు తన మూలంగా ప్రాణం కోల్పోయిన హయాటా అనే యువకుడిలో లీనమై, అతన్ని బతికిస్తాడు. అప్పటినుంచి ఊళ్ల మీద పడే భీకర జంతువులతో పోరాడతాడు. భూమ్మీద అతని శక్తి నిలిచేది మూడు నిమిషాలే. ఛాతీ మీది నీలం దీపం ఎర్రబడి మిణుకుమిణుకుమంటే గడువు దగ్గరపడినట్టు. ఆదివారం రాత్రి ఏడు గంటలకు వచ్చే ఈ అరగంట కార్యక్రమం సగటున 36.8 శాతం రేటింగ్ సాధించింది. ఒక దశలో అది 42.8 శాతాన్ని కూడా తాకింది.

ఈ సిరీస్ అరవై ఏళ్ల తర్వాత కూడా ఇంట్లో కూర్చుని చూసుకునే స్థితిలో ఉండటానికి మొదటి కారణం, దాన్ని ఫిల్ము మీద తీయడం. 1960లలో జపాన్ స్టూడియోల్లో వీడియో టేపు చాలా ఖరీదు. ఒక కార్యక్రమం ప్రసారమయ్యాక అదే టేపు మీద మరొకటి రికార్డు చేసేవారు. నాటకాలు, పాటల కార్యక్రమాలు, పిల్లల కార్యక్రమాలు ఎన్నో అలా చెరిగిపోయాయి. మినియేచర్ నగరాలు కూలడం, ఒక మనిషి ఆకాశమంత ఎత్తు పెరగడం చూపాలంటే మాత్రం ఫిల్ము తప్పనిసరి. రెండు మూడు దృశ్యాలను ఒకే ఫ్రేములో కలపాలంటే ఆప్టికల్ ప్రింటర్ కావాలి, ఆ యంత్రానికి కావలసింది ఫిల్ము. భద్రపరచాలన్న ముందుచూపుతో కాకపోయినా, ట్రిక్ ఫొటోగ్రఫీ అవసరం వల్లే నెగెటివ్‌లు మిగిలాయి. జపాన్ టెలివిజన్ తొలినాళ్లలో అంత అదృష్టానికి నోచుకున్న కార్యక్రమాలు తక్కువ.

దీనికి ముందు అదే సంస్థ తీసిన అల్ట్రా క్యూ 1966 జనవరి 2న మొదలైంది. అది నలుపు తెలుపు సిరీస్, సినిమాలకు వాడే 35 మి.మీ. ఫిల్ము మీద తీశారు. రంగుల్లోకి మారిన అల్ట్రామ్యాన్‌లో నటుల సన్నివేశాలను 16 మి.మీ. మీద తీసి, దృశ్యాలు కలపాల్సిన ట్రిక్ షాట్లకు మాత్రం 35 మి.మీ. వాడారు. ఈ తేడా అప్పటి చిన్న టీవీ తెర మీద ఎవరికీ కనిపించలేదు. దశాబ్దాల తర్వాత ఆ ఫిల్మును పెద్ద తెరకు సిద్ధం చేసినప్పుడు మాత్రం స్పష్టంగా బయటపడింది. కలిపి ముద్రించిన షాట్లు ఒక కాపీ నుంచి మరో కాపీకి మారినవి గనుక వాటిలో గరుకుదనం ఎక్కువ, రంగు కొంత వెలిసినట్టు ఉంటుంది. మామూలు సన్నివేశం నుంచి ట్రిక్ షాట్‌కు మారే క్షణం ఈ రోజు బ్లూరేలో కంటికి తెలుస్తుంది.

అందులో పనిచేసినవాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం. అల్ట్రామ్యాన్ రూపాన్ని గీసినవాడు శిల్పకళ చదువుకున్న టోరు నరిటా. అనవసరమైన అలంకారం ఒక్కటీ లేని ఆ ముఖం, ఆ గీతలు ఇప్పటికీ పాతబడలేదు. రచనా విభాగానికి ముఖ్యుడు ఒకినావా కుటుంబానికి చెందిన టెట్సువో కింజో. దాడికి వచ్చిన జంతువు పట్ల కూడా జాలి పుట్టించే కథలు ఈ సిరీస్‌లో ఉండటం వెనుక ఆయన చెయ్యి ఉంది. రబ్బరు దుస్తుల్లో ఊపిరాడని వేడిలో, ఒక్క మాట సంభాషణ లేకుండా అల్ట్రామ్యాన్‌గా నటించినవాడు బిన్ ఫురుయా. హయాటాగా సుసుము కురోబె నటించాడు. డబ్బు ఎంత కటకటగా ఉండేదంటే పదో ఎపిసోడ్‌లోని జిరాస్ అనే జంతువుకు పాత గాడ్జిల్లా దుస్తులకే మెడ చుట్టూ ఒక పట్టీ తగిలించి పని కానిచ్చారు. వారానికో ఎపిసోడ్ చొప్పున ట్రిక్ దృశ్యాలు అందించడం సంస్థకు అసాధ్యమైంది. అంత ఆదరణ ఉండగానే 39 దగ్గర ఆపేయడానికి కారణం ఇదే.

ప్రసారం ముగిశాక సిరీస్‌ను బతికించింది పునఃప్రసారాలు, విదేశీ అమ్మకాలు. అమెరికాలో యునైటెడ్ ఆర్టిస్ట్స్ టెలివిజన్ విభాగం దీన్ని తీసుకుని, న్యూయార్క్‌లో ఇంగ్లీషు డబ్బింగ్ చేయించి స్థానిక చానళ్లకు పంచింది. అక్కడి ఒక తరం పిల్లలకు అల్ట్రామ్యాన్ అంటే ఆ డబ్బింగ్ గొంతులే.

భారతదేశంలో ఈ కోవకు చెందిన మరో జపాన్ సిరీస్ ముందుగా పరిచయమైంది. తోయే సంస్థ 1967, 68లలో 26 ఎపిసోడ్లుగా తీసిన జెయింట్ రోబో ఇంగ్లీషు డబ్బింగ్‌ను 1980లలో దూరదర్శన్ ప్రసారం చేసింది. చేతి గడియారంలోకి మాట్లాడి మహా యంత్రాన్ని పిలిచే జానీ సోకో అనే కుర్రాడు తెలుగు నాట కూడా ఆనాటి పిల్లలకు గుర్తే. ఆ ఇంగ్లీషు రూపం డీవీడీగా అమెరికాలో 2013లో గానీ రాలేదు.

ఇళ్లలోకి వీడియో యంత్రాలు రావడంతో పాత సిరీస్‌లకు కొత్త విలువ ఏర్పడింది. సోనీ బీటామ్యాక్స్ 1975లో, జె.వి.సి. వి.హెచ్.ఎస్. 1976లో మార్కెట్‌కు వచ్చాయి. 1980లలో జపాన్‌లో అద్దె క్యాసెట్ల దుకాణాలు వీధివీధినా వెలిశాయి, లేజర్ డిస్కులూ వచ్చాయి. అల్ట్రామ్యాన్ ఈ రెండు రూపాల్లోనూ దొరికింది. అయితే వి.హెచ్.ఎస్. టేపు పట్టగలిగే స్పష్టత సుమారు 240 గీతలు, అంటే ఫిల్ములో ఉన్న వివరాల్లో చిన్న వంతు. పైగా టేపు ఆడినకొద్దీ అరుగుతుంది. డీవీడీతో 480 గీతల బొమ్మ, సబ్‌టైటిళ్లు, రెండు భాషల ధ్వని ఒకే డిస్కులో ఇమిడాయి. విదేశీ అభిమానికి సబ్‌టైటిళ్ల సౌకర్యమే పెద్దది. నటుల అసలు గొంతులు వింటూ, మాటలు చదువుకుంటూ చూడటం అప్పుడే మొదటిసారి సులువైంది.

అమెరికాలో బి.సి.ఐ. ఎక్లిప్స్ అనే సంస్థ 2006లో మొదటి సంపుటాన్ని, ఆ తర్వాత రెండోదాన్ని విడుదల చేసి 39 ఎపిసోడ్లనూ అందించింది. జపనీస్ ధ్వనితో పాటు పాత ఇంగ్లీషు డబ్బింగ్‌ను కూడా అందులో చేర్చింది. ఆ డబ్బింగ్ తరవాతి బ్లూరే విడుదలలో కనిపించకుండా పోయింది గనుక పాత అభిమానులు ఆ డిస్కులను ఇప్పటికీ దాచుకుంటారు.

ఇంత పేరున్న సిరీస్ విదేశాల్లో సక్రమంగా, మంచి బొమ్మతో విడుదల కావడానికి అన్నేళ్లు పట్టడం వెనుక ఒక కాగితం ఉంది. థాయ్‌లాండ్‌కు చెందిన సోంపోట్ సెంగ్‌డుయెన్‌చాయ్ 1960లలో జపాన్‌కు వెళ్లి ఎయిజి త్సుబురాయా దగ్గర ట్రిక్ పని నేర్చుకున్నాడు. స్వదేశంలో చైయో అనే సంస్థ పెట్టి, 1974లో త్సుబురాయాతో కలిసి ఒక సినిమా తీశాడు. అందులో అల్ట్రామ్యాన్ కోవకు చెందిన వీరులైన అల్ట్రా సోదరుల సరసన రామాయణంలోని హనుమంతుడే నిలబడి రాక్షస జంతువులతో పోరాడతాడు. స్నేహంగా మొదలైన ఆ బంధం తర్వాత కోర్టుకెక్కింది. ఎయిజి కుమారుడు, అప్పటి సంస్థ అధిపతి నొబోరు త్సుబురాయా 1995లో మరణించాక, సోంపోట్ 1976 నాటిదంటూ ఒక ఒప్పందాన్ని బయటపెట్టాడు. అల్ట్రా క్యూ నుంచి అల్ట్రామ్యాన్ టారో దాకా ఉన్న సిరీస్‌లకు జపాన్ వెలుపలి హక్కులన్నీ తనవేనని వాదించాడు. ఒకటి రెండు పేజీల ఆ పత్రంలో సిరీస్‌ల పేర్లు, సంస్థ పేరు కూడా తప్పుగా ఉన్నాయి.

తీర్పులు ఒక దారిన నడవలేదు. 2004లో జపాన్ సుప్రీం కోర్టు దశలో ఆ పత్రానికి చెల్లుబాటు ఉందన్న నిర్ణయమే నిలిచింది. 2008లో థాయ్‌లాండ్ సుప్రీం కోర్టు త్సుబురాయా పక్షాన తీర్పు చెప్పింది. ఒకే కాగితం ఒక దేశంలో అసలుది, మరో దేశంలో నకిలీది అయిందన్నమాట. ఇలాంటి స్థితిలో ఏ విదేశీ సంస్థా పెద్ద పెట్టుబడి పెట్టి ఫిల్మును శుభ్రం చేయించి డిస్కులు తేవడానికి ధైర్యం చేయదు. సోంపోట్ వాటా దక్కించుకున్న యు.ఎం. కార్పొరేషన్‌తో అమెరికాలో నడిచిన దావాలో, 2017 నవంబరులో లాస్ ఏంజెలెస్ జ్యూరీ ఆ పత్రం నిజమైనది కాదని తేల్చింది. 2018 ఏప్రిల్‌లో తుది తీర్పు వెలువడింది. 2019 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

ఈ దావాలు నడుస్తుండగానే జపాన్‌లో సాంకేతికంగా చేయాల్సిన పని జరిగిపోయింది. అల్ట్రా క్యూను కొత్తగా స్కాన్ చేసి, రంగులద్దిన రూపాన్ని 2011లో విడుదల చేశారు. అల్ట్రామ్యాన్ ఫిల్మును కూడా హై డెఫినిషన్‌కు మార్చారు. ఈ పని ఓపికను పరీక్షించేది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఒక్క ఎపిసోడ్‌లోనే సుమారు 36 వేల ఫ్రేములు ఉంటాయి. గీతలు, దుమ్ము, వెలిసిన రంగు ఒక్కొక్కటే సరిచేయాలి. ఎంత తుడవాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. కంప్యూటర్‌తో గరుకుదనం పూర్తిగా తీసేస్తే ముఖాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి. విమానాలను వేలాడదీసిన తీగలు కనిపించినంత మాత్రాన చెరిపేయడమూ తప్పే, అవి ఆనాటి పనివాళ్ల చేతి గుర్తులు. ఫిల్ము స్వభావాన్ని కాపాడటమే సరైన పునరుద్ధరణ.

అమెరికాలో తీర్పు అనుకూలంగా వచ్చాక మిల్ క్రీక్ ఎంటర్‌టైన్‌మెంట్ 2019 జూలైలో అల్ట్రా సిరీస్‌ల హక్కులు తీసుకున్నట్టు ప్రకటించింది. ఆ ఒప్పందంలో సుమారు 1,100 టీవీ ఎపిసోడ్లు, 20 సినిమాలు ఉన్నాయి. అక్టోబరు 15న అల్ట్రా క్యూ, అల్ట్రామ్యాన్ బ్లూరేలుగా వచ్చాయి. మామూలు పెట్టెతో పాటు సేకరించేవాళ్ల కోసం లోహపు పెట్టె కూడా తెచ్చారు. ధ్వని జపనీస్ మాత్రమే, సబ్‌టైటిళ్లు ఇంగ్లీషు. పాత డబ్బింగ్ చేర్చకపోవడం ఈ విడుదలలోని లోటే. 1960ల అమెరికా టెలివిజన్ చరిత్రలో అది కూడా ఒక భాగం. జపాన్‌లో అదే ఏడాది నవంబరులో అల్ట్రా క్యూ 4కె అల్ట్రా హెచ్.డి. డిస్కులుగా వెలువడింది. 35 మి.మీ. మీద తీసినందువల్ల ఆ స్థాయి స్పష్టతకు అది నిజంగా తగింది.

మన దేశంలో కొనదలచినవారు ఒకటి గుర్తుంచుకోవాలి. బ్లూరేలకు జపాన్, అమెరికా ఎ ప్రాంతంలో ఉంటే భారత్ సి ప్రాంతంలో ఉంది. ప్రాంతపు తాళం వేసిన డిస్కు ఇక్కడి ప్లేయర్లలో ఆడదు.

అన్ని అడ్డంకులూ తొలగిన తర్వాత కూడా డిస్కులకు ఎక్కని ఎపిసోడ్ ఒకటుంది. అల్ట్రామ్యాన్ తర్వాత 1967 అక్టోబరులో మొదలైన అల్ట్రాసెవెన్ 49 ఎపిసోడ్ల సిరీస్. డిసెంబరు 17న ప్రసారమైన దాని 12వ ఎపిసోడ్‌లో, తమ గ్రహం మీద అణు ప్రయోగాల వల్ల రక్తం చెడి, భూలోకవాసుల రక్తం కోసం వచ్చే గ్రహాంతరవాసులు ఉంటారు. ప్రసారమైనప్పుడు దాని మీద పెద్ద గొడవ లేదు. 1970లో పిల్లల పత్రిక ఒకటి అనుబంధంగా ఇచ్చిన కార్డుల్లో ఆ పాత్రకు హిరోషిమా, నాగసాకి బాధితులను పిలిచే మాటనే తగిలించింది. బాంబు బాధితుల సంఘాలు తీవ్రంగా నిరసించాయి. ఆ బాధ న్యాయమైనది, బతికి ఉన్న మనుషుల గాయాన్ని రాక్షసుడి పేరుగా మార్చడం క్షమించరానిది. త్సుబురాయా సంస్థ క్షమాపణ చెప్పి ఆ ఎపిసోడ్‌ను పక్కనపెట్టింది. నాటి నుంచి టేపులు, డీవీడీలు, బ్లూరేలు వేటిలోనూ అది లేదు. అమెరికాలో వచ్చిన పెట్టెల్లో కూడా 48 ఎపిసోడ్లే ఉన్నాయి.

తప్పు పత్రిక వేసిన మాటలో ఉంది, ఎపిసోడ్ మాత్రం అణు పరీక్షలకు ఎదురుచెప్పే కథ. జరిగిందంతా వివరించే ముందుమాటతో, బాధితుల సంఘాల సమ్మతితో, ఆ 12వ ఎపిసోడ్‌ను కూడా మిగిలిన 48 పక్కన చేర్చాలి.