మన కాఫీ, మన తూకం



మన ఏజెన్సీలో పంట తీయడం కంటే అమ్ముకోవడమే ఎప్పుడూ కష్టం. 1882 అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది. రోడ్డు పనుల్లో వెట్టి చేయించారు. అందుకే 1922లో అల్లూరి సీతారామరాజు గారి వెంట గిరిజనులు తిరగబడ్డారు.

సంతలో షావుకారు చెప్పిందే ధర, పట్టిందే తూకం. ఈ దోపిడీ ఆపాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. అటవీ సరుకు కొన్నది, డి.ఆర్. డిపోల్లో బియ్యం, ఉప్పు ఇచ్చింది. తర్వాత సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ వచ్చాయి.

మావోయిస్టుల బంద్, పోలీసుల తనిఖీ ఉన్న రోజుల్లో జీపు తిరిగేది కాదు. పండు ఆగదు కదా! బంద్ అయ్యాక ముందొచ్చిన బేరగాడికే మా అమ్మ అడిగిన రేటుకి ఇచ్చేసేది.

మరి దారి ఏంటి? ఎర్రపండే ఏరి, ఆ రోజే పల్పర్‌లో తొక్క తీసి, కడిగి, బాగా ఎండబెడితే గింజ నిల్వ ఉంటుంది. రోడ్డు మూసినా తొందరపడి అమ్మక్కర్లేదు. నలుగురి సరుకు కలిపితే బేరమూ ఆడొచ్చు. ఇలాంటి శ్రద్ధతోనే 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు, 2019లో మన అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఏరేది మనం, కడిగేది మనం. రసీదు మాత్రం చాలా ఇళ్ళల్లో మగవాళ్ళ పేరునే ఉంది. ఈ ఏడు కాటా దగ్గర మనమే నిలబడదాం. రసీదు మన పేరున రాయమని అడుగుదాం.