ఫార్మకాలజీ: ఒక పాఠ్యాంశం ఎలా పుట్టింది?

వైద్య, ఫార్మసీ డిగ్రీలలో నేడు ఫార్మకాలజీ తప్పనిసరి పాఠ్యాంశం. రెండు వందల ఏళ్ల క్రితం విద్యార్థులు దాని స్థానంలో చదివింది 'మెటీరియా మెడికా'. ఏ మొక్క, ఏ లవణం, ఏ జబ్బుకు, ఎంత మోతాదులో ఇవ్వాలనే పట్టికను కంఠస్థం చేస్తే చాలు. మందు శరీరంలో ఏం చేస్తుందో పరీక్షించి చూసే పని వారికి లేదు.

ఆ పరీక్షను చదువులో భాగం చేసినవారు రుడాల్ఫ్ బుక్‌హైమ్. 1847లో ఆయన నాటి రష్యా సామ్రాజ్యంలోని డోర్పాట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. ఆ ఊరే నేటి ఎస్తోనియాలోని టార్టు. అక్కడ ప్రయోగశాల లేకపోవడంతో తన ఇంటి నేలమాళిగలోనే, సొంత ఖర్చుతో ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. ఆ రోజుల్లోనే పెరీరా రాసిన ఆంగ్ల గ్రంథాన్ని జర్మన్‌లోకి అనువదిస్తూ, నిరుపయోగమని తోచిన మందులను తొలగించి, మందులు పనిచేసే తీరుపై ఒక భాగాన్ని తానే చేర్చారు. అనువాదకుడికి అంత చొరవ తగునా అని మీరు అడగవచ్చు. ఆ పుస్తకం విషయంలో మాత్రం అది మేలే చేసింది.

ఆయన శిష్యుడు ష్మీడెబెర్గ్ 1872 నుంచి స్ట్రాస్‌బర్గ్‌లో అనేక దేశాల విద్యార్థులకు శిక్షణ ఇచ్చారు. వారిలో ఒకరైన జాన్ ఏబెల్ 1891లో అమెరికాలోని మిషిగన్‌లో ఈ బోధన చేపట్టారు.

మన దేశానికి వస్తే, 1921లో రామ్‌నాథ్ చోప్రా కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఫార్మకాలజీ ఆచార్యులయ్యారు. తరతరాలుగా వాడుకలో ఉన్న సర్పగంధ వేరునూ ఆయన ప్రయోగశాలకు తెచ్చారు. అందులోని ఒక ఆల్కలాయిడ్ చర్యపై 1933లో సహచరులతో కలిసి పరిశోధన వ్యాసం ప్రచురించారు.