నేల క్రింది పొర: వేడిని, చప్పుడును ఆపిన కథ

శీతల దేశములలో ఇంటి నేల రెండు విధములుగా బాధ పెట్టును. నిలుచున్నవారి పాదముల వేడిని లాగివేయుట ఒకటి. పై అంతస్తులో నడచువారి అడుగుల చప్పుడును క్రింది కాపురమునకు చేరవేయుట రెండవది. వీటికి విరుగుడుగా నేలపై అమర్చు చెక్క పలకల క్రింద మరొక పదార్థమును పరచుదురు. దీనిని అడుగుపొర అనవచ్చును. కార్కు, ఉన్ని ఫెల్టు, రబ్బరు, ప్లాస్టిక్ నురుగు మొదలైన వాటితో దీనిని తయారు చేయుచున్నారు. మెత్తగా, మందముగా ఉన్న పొర ఏదైనను రెండు పనులును చేయునని చాలమంది తలచుదురు. ఆ తలంపు సరికాదు. వేడిని ఆపుట ఒక సమస్య, చప్పుడును ఆపుట మరొక సమస్య. ఈ భేదము పూర్తిగా తెలియుటకు దాదాపు మూడు వందల ఏండ్లు పట్టినది.

బందీ అయిన గాలి

సీసాల బిరడాలకు వాడే కార్కును రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినితో పరీక్షించి, తాను చూచిన దానిని 1665లో 'మైక్రోగ్రాఫియా' గ్రంథమున వర్ణించినాడు. తేనెపట్టులో వలె అందులో చిన్న చిన్న గదులు కనిపించినవి. వాటికి ఆయన పెట్టిన 'సెల్' అనే పేరు జీవశాస్త్రములో స్థిరపడిన సంగతి విద్యార్థులకు తెలిసినదే. ఉష్ణశాస్త్రమునకు కూడ ఆ గదులు ముఖ్యమైనవే. ఏలనన, వాటి నిండ గాలి ఉన్నది.

ఆ గాలి విలువ ఏమిటో కౌంట్ రంఫర్డ్ ప్రయోగముల వలన తేటపడినది. ఆయన ఉష్ణమాపకము చుట్టును పట్టు, ఉన్ని, ప్రత్తి, బొచ్చు, ఈకలు ఒకదాని తరువాత ఒకటి నింపి, వేడిచేసి, మంచులో ఉంచి, చల్లబడుటకు పట్టు కాలమును కొలిచినాడు. 1792లో ఫలితములను ప్రకటించినాడు. బొచ్చులోని వెచ్చదనమునకు ముఖ్య కారణము దాని పోగుల నడుమ కదలలేక చిక్కుకొన్న గాలియే అని ఆయన నిర్ణయించినాడు. నేటికిని పెక్కు ఉష్ణ బంధకములకు ఇదే మూలసూత్రము. కార్కు ఉష్ణవాహకత సామాన్య కాంక్రీటులో దాదాపు ముప్పదవ వంతు మాత్రమే.

1860 తరువాత ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అవిసెనూనెను గాలిలో చిక్కబరచి, కార్కు పొడితో కలిపి, గుడ్డపై అదిమి లినోలియమును తయారు చేసినాడు. పాదములకు చలి తగలని, కడుగుటకు వీలైన నేల సామాన్యులకు లభించినది.

బూడిద చేసిన పని

చప్పుడు విషయమున జనులు వేరొక దారి పట్టినారు. స్కాట్లండులో అంతస్తుల ఇండ్లు కట్టిన మేస్త్రీలు నేల దూలముల నడుమ బూడిద, ఇసుక వంటి బరువైన పదార్థములను నింపెడివారు. ఇందువలన క్రింది వారి మాటలు పైకి వినిపించుట తగ్గెడిది. బరువైన అడ్డును గాలిలోని ధ్వని తరంగములు సులభముగా కదల్చలేవు. ద్రవ్యరాశిని రెట్టింపు చేసినచో నిరోధము సిద్ధాంతరీత్యా సుమారు 6 డెసిబెల్లు పెరుగును. తేలికైన నురుగు పొర ఈ పని చేయజాలదు.

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాలెస్ సాబిన్ ఒక ఉపన్యాసశాలలో మాటలు స్పష్టముగా వినబడకపోవుటకు కారణము వెదకినాడు. నాటకశాల నుండి మెత్తలు తెప్పించి పరచి, ప్రతిధ్వని ఎంత త్వరగా అణగునో కొలిచినాడు. గదిలోని ధ్వనిని మెత్తలు పీల్చుకొనునని తేలినది. కాని గదిలోని ధ్వనిని పీల్చుకొనుట వేరు, అది ప్రక్క గదికి పోకుండ ఆపుట వేరు.

అడుగుల చప్పుడు

మడమ నేలకు తగిలినప్పుడు నేల తానే కంపించును. అప్పుడు నేల యంతయు మద్దెల మూత వలె ధ్వనిని పుట్టించును. 1930 దశకమున జర్మనీలో ఈ తాకిడి శబ్దమును కొలుచుటకు సుత్తుల యంత్రమును వాడసాగిరి. నేటి ప్రామాణిక యంత్రములో 500 గ్రాముల సుత్తులు అయిదు ఉండును. అవి 4 సెంటీమీటర్ల ఎత్తు నుండి సెకండుకు పదిసార్లు నేలను కొట్టును. క్రింది గదిలో ధ్వనిని కొలుచుదురు.

పై పలకను బరువుగాను, దాని క్రింది పొరను స్ప్రింగుగాను భావించి, 1952లో లోథర్ క్రెమర్ తేలియాడు నేలల సిద్ధాంతమును ప్రకటించినాడు. బరువుకు, స్ప్రింగుకు కలిపి ఒక సహజ పౌనఃపున్యము ఉండును. దానికి సుమారు 1.4 రెట్లు దాటిన కంపనములనే ఆ పొర తగ్గించగలదు. కనుక సహజ పౌనఃపున్యము ఎంత తక్కువైన అంత మేలు. పొర గట్టిదనమును నాలుగవ వంతునకు తగ్గించినచో అది సగమగును. ఇచట కావలసినది కేవలము మందము కాదు, తగిన స్థితిస్థాపకత.

దీనిని తరగతిలో చూపవచ్చును. కంపించు సెల్‌ఫోనును చెక్కబల్లపై ఉంచినచో బల్ల మ్రోగును. ఫోను క్రింద మడచిన కంబళి వేసినచో మ్రోత అణగును. అదే కంబళిని బల్లపై వేరొక చోట పెట్టిన ప్రయోజనము లేదు. తరువాత ఒక చెక్క స్కేలును ఫోనుకు, బల్లకు రెండింటికి తగులునట్లు నొక్కి పట్టినచో మ్రోత మరల వచ్చును. ఒక్క మేకు పలకను క్రింది నేలతో కలిపినను, పలక అంచు గోడకు తగిలినను ఇదే జరుగును.

ఎన్నిక

ఈ చరిత్ర తెలిసినవారికి ఎన్నిక కష్టము కాదు. క్రింద కాపురము లేని చోట చూడవలసినది చలి, చెమ్మ. అచట గాలి గదులున్న పొర, దానితోబాటు తేమను ఆపు పలుచని తెర చాలును. పై అంతస్తులో స్థితిస్థాపకత చూడవలెను. అయితే పొర మరీ మెత్తనైనచో అడుగు వేసినప్పుడెల్ల పలకలు వంగి అతుకులు విరుగును. నేల క్రింద వేడినీటి గొట్టములున్న ఇంటిలో మంచి ఉష్ణ బంధకమే శత్రువగును. మాటలు వినబడుటయే బాధయైనచో బరువును పెంచి, సందులు మూయవలెను. పలకలు పరచిన పిమ్మట అడుగుపొరను మార్చుట నేలనంతను ఊడదీయుటయే. ఆపవలసినది ఏదో ముందుగా నిశ్చయించుకొన్నవారికి ఆ శ్రమ తప్పును, క్రింది ఇంటివారికి నిద్ర దక్కును.